డీజిల్లో ముంచిన గిటార్ పెట్టె

మా బావ గిటార్ పెట్టెని ఉప్పుగాలి తినేసిందని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఉప్పుగాలి తప్పేం లేదు, దాని పని అది చేసింది. పాడుచేసింది నేను. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు.

బావ అంటే మా అక్క మొగుడు. తొంభైల మొదట్లో వాళ్ళ పెళ్ళయ్యేనాటికి ఆయన పగలు ఆటోనగర్లో ఇనప రేకులు కోసే షెడ్డులో పనిచేసి, సాయంత్రాలు ఒక ఆర్కెస్ట్రా పార్టీలో గిటార్ వాయించేవాడు. పెళ్ళి పందిళ్ళు, వినాయకుడి పందిళ్ళు, ఎవరు పిలిస్తే అక్కడికి. గిటార్ కంటే ఆయనకి దాని పెట్టె మీద ప్రాణం. పోర్టు దగ్గర ఓడల్లోంచి దిగిన పాత సామాను అమ్మే దుకాణంలో దొరికిందట. ఏ దేశం నావికుడు వదిలేసి పోయాడో తెలీదు. వాల్వులతో పనిచేసే పాతకాలం యాంప్లిఫయరు అది. మన ఇళ్ళలో పెద్ద రేడియోల్లో ఉండేవే ఆ గాజు బుడ్లు, వేలెడంత ఉంటాయి. స్విచ్ వేస్తే వెంటనే పలకదు. బుడ్లు ఎర్రబడి వేడెక్కేదాకా అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషం కూడా నేను ఆగలేకపోయేవాణ్ణి, నాలుగుసార్లు స్విచ్ తట్టేవాణ్ణి, బావ నా చెయ్యి మెల్లగా పక్కకి తీసేవాడు. తర్వాత వచ్చే సౌండు మాత్రం మరే బాక్సులోనూ నేను వినలేదు. కొంచెం గరుకు, కొంచెం వెచ్చదనం. ఎంత గట్టిగా పెట్టినా చెవిని గుచ్చేది కాదు.

మాది సముద్రం మీద బతికే ఇల్లు. నాన్న వేటకెళ్ళేవాడు. నేను ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్ల మెకానిక్‌ని. ఒక ఏడు మా పేటలో అమ్మవారి పండక్కి బావని పిలిచాం. ఆయన పార్టీతో వచ్చి వాయించాడు, పేట పేటంతా ఊగిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆయనకి పని ఉంది. పెట్టె బరువు, బస్సులో మొయ్యలేడు. రేపు హార్బర్ వ్యానులో పంపించేస్తాను, నువ్వెళ్ళు బావా అన్నాను. వలలు దాచుకునే పాకలో ఓ మూల పెట్టాను.

ఆ రేపు రాలేదు. వ్యాను దొరికిన రోజు నేను ఖాళీగా లేను, నేను ఖాళీగా ఉన్న రోజు పెట్టె సంగతి గుర్తులేదు. వానాకాలంలో పాక కారింది. ఓ రోజు వల తియ్యడానికి వెళ్ళి చూద్దును కదా, పిడి ఊడిపోయి, మూలల్లో ఇనుము ఎర్రగా పొక్కింది. ఇది బాగుచేసి ఇవ్వాలి, ఇలా ఎలా ఇస్తాను అనుకున్నాను. అక్కడితో మొదలైంది నా సిగ్గు. గాజువాకలో అక్క ఇంటికి వెళ్తే బావ అడుగుతాడేమోనని వెళ్ళడం తగ్గించాను. వెళ్ళడం తగ్గించినందుకు ముఖం చెల్లక ఇంకా తగ్గించాను. పండక్కీ పబ్బానికీ గుమ్మం దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి, పనుందని వచ్చేసేవాణ్ణి. బావ ఒక్కసారి కూడా పెట్టె మాట ఎత్తలేదు. అది నాకు మరీ కష్టంగా ఉండేది. నాలుగు తిట్టుంటే మర్నాడే తెచ్చి పడేసేవాణ్ణి. అలా ఏడేళ్ళు గడిచాయి. ఈలోగా కీబోర్డులొచ్చి ఆర్కెస్ట్రాలో గిటార్ మనిషి అక్కర్లేకపోయాడు, బావ పార్టీ మానేశాడు.

కొత్త శతాబ్దం వచ్చిన రెండు మూడేళ్ళకి అక్క హార్బర్‌కి వచ్చింది. పెళ్ళయ్యాక ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. నేను ఓ బోటు ఇంజను గుంటలో నడుందాకా దిగి ఉన్నాను. పైకి రమ్మని కూడా అనలేదు, ఒడ్డున నిలబడే చెప్పింది.

"మీ బావకి కుడిసెవి పోయిందిరా. ఎడంది పోతన్నాది. ఆళ్ళ నాన్నకీ ఇలాగే పోయాయంట, మందు నేదన్నాడు డాట్రు. ఆ పెట్టె ఓపాలి ఇనాలనుంది అన్నాడు. నిన్నడగమన్నేదు. నానే వచ్చీసాను."

ఎన్నాళ్ళుంటుంది ఆ చెవి అని అడిగాను. డాక్టరుకే తెలీదంది. నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు. నాకు తల కొట్టేసినట్టయింది. నెల రోజుల్లో బాగుచేసి తెస్తాను అనేశాను. అక్క నమ్మినట్టు కనపడలేదు. నమ్మకపోవడానికి ఆవిడకి ఏడేళ్ళ కారణం ఉంది.

ఇంజను సగంలో వదిలేసి పాకకి పరిగెత్తాను. బోటు ఓనరు వెనకాల నుంచి అరుస్తూనే ఉన్నాడు. వలల కింద నుంచి పెట్టె లాగితే అడుగు చెక్క అక్కడే ఉండిపోయింది. పైన అతికించిన నల్ల రెక్సిను ఉబ్బిపోయి వేలితో లాగితే వచ్చేస్తోంది. వెనక చెక్క విప్పబోతే మరలు లేవు, మరల ఆకారంలో తుప్పు ఉంది. స్పీకరు కాగితం బొద్దింకలు కొట్టేశాయి. లోపలి ఇనప పళ్ళెం, దాని మీద ట్రాన్స్‌ఫార్మరు దిమ్మలు, అన్నీ ఒకే ఎరుపు. మూడు వాల్వుల్లో రెండు బాగానే ఉన్నట్టున్నాయి, ఒకటి పగిలింది.

నాకు తెలిసిన విద్య ఒకటే. మా దగ్గర సముద్రంలో మునిగిన ఇంజను పైకి తీస్తే దాన్ని గాలికి వదలరు. గాలి తగిలిందంటే గంటల్లో పట్టేస్తుంది. వెంటనే మంచినీళ్ళతో రెండుమూడుసార్లు కడిగి, ఉప్పంతా పోయాక, డీజిల్లో నిండా ముంచుతారు. నాన్న తన చేత్తో అలా బతికించిన ఇంజన్లు నేను చూశాను, నా చేత్తో బతికించినవీ ఉన్నాయి. ఇది ఎవరైనా ఆలోచించాల్సిన సంగతి కూడా కాదు మాకు. వాల్వులు పీకి పక్కన పెట్టి, ఆ ఇనప పళ్ళేన్ని దిమ్మలతో సహా కుళాయి కింద పెట్టి మూడుసార్లు కడిగాను. సగం కోసిన డ్రమ్ములో డీజిలు పోసి మూడు రోజులు ముంచి ఉంచాను. పైకి తీసి బ్రష్‌తో రుద్దితే తుప్పు చర్మంలా ఊడొచ్చింది. కింద తెల్లటి ఇనుము. నాకెంత గర్వమనిపించిందంటే, హార్బర్లో కనపడిన ప్రతివాడికీ చూపించాను. నెల రోజులు ఎందుకు, వారంలో ఇచ్చేస్తాననుకున్నాను.

వాల్వు సంగతి తెలిసిన మనిషి కోసం వెతికితే పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక ముసలాయన దొరికాడు. ఓడల్లో రేడియో గది పని చేసి రిటైరయ్యాడు, అందరూ రేడియో మాస్టారు అంటారు. పళ్ళెం ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ముట్టుకోకుండా, వంగి వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు.

తర్వాత లేచి ఓ బల్బు హోల్డరు తెచ్చాడు. ట్రాన్స్‌ఫార్మరుకి వెళ్ళే కరెంటు దారిలో ఆ బల్బుని పెట్టాడు. దిమ్మ బాగుంటే బల్బు మినుకు మినుకుమంటుందట, లోపల తీగలు కలిసిపోతే నిండుగా వెలుగుతుందట. స్విచ్ వేశాడు. బల్బు పెళ్ళిపందిట్లోలాగా వెలిగింది.

"ఇది బోటు ఇంజను కాదు బాబూ," అన్నాడు. "దీని లోపల తీగ సుట్టుకీ సుట్టుకీ నడాన కాయితం ఉంటాది. నువ్వు ముందు నీళ్ళు తాగించావు, తర్వాత డీజిలు తాగించావు. తుప్పట్టినా ఈ దిమ్మ బతికే ఉండీది. ఇంత సుబ్బరంగా సంపిన మనిషిని నాను సూడలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన తప్పని కాదు, మండడానికి ఇంకెవరూ దొరక్క ఆయన మీద మండింది. అయితే ఎన్ని రోజులు పడుతుందో చెప్పండి అని గట్టిగా అడిగాను. ఆయన నిదానంగా పళ్ళేన్ని తిప్పి చూస్తూ, నువ్వు ఇలా నా నెత్తిమీద నిలబడితే ఎక్కువ రోజులు పడుతుందన్నాడు. తీగ కొత్తగా చుట్టించుకురమ్మని ఆటోనగర్లో ఒక మోటారు వైండింగ్ షాపుకి పంపించాడు.

ఆ వైండింగ్ మనిషి ఇంకా నిదానస్తుడు. దిమ్మ అంటే ఒకే ముద్ద కాదు, పలచటి ఇనప రేకుల దొంతర. తుప్పుకి ఒకదానికొకటి కరుచుకుపోయాయి. ఒక్కో రేకునీ చాకు మొనతో విడదీసి, కిరసనాయిల్లో తుడిచి వరసగా పేర్చాడు. అక్కడికే నాలుగు రోజులు. తర్వాత పాత తీగ విప్పుతూ చుట్లు లెక్కపెట్టాలి. ఎన్ని చుట్లున్నాయో సరిగ్గా అన్నే మళ్ళీ చుట్టాలి, తేడా వస్తే పెట్టె పలకదు. అతను పెదవులు కదుపుతూ లెక్కపెడుతూ, వందకోసారి బల్ల మీద సుద్దగీత గీస్తున్నాడు. నేను కాలుకాలిన పిల్లిలా ఆ షెడ్డులో తిరుగుతూ, ఇంకా ఎంతుంది, రేపటికవుతుందా అన్నాను. అతను లెక్క తప్పాడు. నన్నొకసారి చూసి, తీగని వెనక్కి చుట్టుకుంటూ చివరి సుద్దగీత దాకా వెళ్ళాడు. మళ్ళీ మొదలెట్టేముందు నన్ను బయటికి పొమ్మన్నాడు.

బయటికొచ్చి రోడ్డు మీద నిలబడితే ఎదురుగా టీ బడ్డీ దగ్గర బావ. ఆయన షెడ్డు రెండు సందుల అవతలే అని నాకు తెలుసు, అటు చూడకుండా వెళ్ళొస్తున్నాను. జుట్టు నెరిసింది. నన్ను చూసి నవ్వాడు. ఏం చెయ్యాలో తెలీక అంతా చెప్పేశాను, పెట్టె ఏ స్థితిలో ఉందో, డీజిల్లో ఎలా ముంచానో, బల్బు ఎలా వెలిగిందో. ఆయన ఎడం చెవి నా వైపు తిప్పి విన్నాడు. కోప్పడలేదు. డీజిల్ దగ్గర మాత్రం పెద్దగా నవ్వాడు. మరి డ్యూటీ ఎన్నింటికి దిగుతావు బావా అని అడిగితే కూడా అలాగే నవ్వి తలూపాడు. ఆ జవాబు వింతగా ఉందని నాకు అప్పుడు తట్టలేదు. నా కళ్ళు వైండింగ్ షాపు గుమ్మం మీద ఉన్నాయి.

పెట్టె ముందుభాగంలో బొత్తాలు నాలుగు ఉండాలి, రెండు ఊడిపోయాయి, వాటి కింద రాతలు తుప్పులో కలిసిపోయాయి. ఏది ఏమిటో బావకే తెలియాలి. ఆ వంకతో ఓ ఆదివారం గాజువాక వెళ్ళాను. ఆయన క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ వేసి ఇచ్చాడు, బొత్తం బొత్తానికీ పక్కన రాసి మరీ. మళ్ళీ ఆదివారం లోపల వాల్వుల వరస అడగడానికి వెళ్ళాను. ఆ తర్వాతి ఆదివారం పైన అతికించే రెక్సిను రంగు కోసం. ఆపైన ప్రతి ఆదివారం ఏదో ఒక వంక. అక్క పెట్టిన చేపల పులుసు తింటూ నేను వారమంతా జరిగిన రభస చెప్పుకుపోయేవాణ్ణి. బావ నా మొహం వంకే చూస్తూ తలూపేవాడు. తక్కువ మాట్లాడుతున్నాడు కదా అనిపించింది, ఆయన ఎప్పుడూ తక్కువే మాట్లాడేవాడు. చెవి ఎలా ఉందని అక్కని అడిగితే ఉందిలే, నువ్వు కానీ అనేది.

నెల అన్నది రెండు నెలలైంది. కొత్తగా చుట్టిన దిమ్మకి వార్నిషు పోసి, ఎండలో పది రోజులు ఆరబెట్టాలన్నారు. శ్రావణమాసం, ఎండ ఎక్కడుంది? రేడియో మాస్టారు ఓ ఉపాయం చెప్పాడు. రేకు డబ్బాలో వంద క్యాండిల్ బల్బు వెలిగించి, దిమ్మని అందులో పెట్టి మూత వేసి ఉంచమన్నాడు. మూత తియ్యొద్దని రెండుసార్లు చెప్పాడు. నేను గంటకోసారి మూత తీసి వేలితో నొక్కి చూసేవాణ్ణి. తడిగాలి లోపలికి పోయేది. వారం తర్వాత చూసి, నీ వేలిముద్రలన్నీ వార్నిషులో ఉన్నాయి బాబూ అన్నాడు మాస్టారు. మళ్ళీ వారం పెట్టించాడు, ఈసారి తన గదిలో, తన బల్ల కింద. నేను హార్బర్లో ఎవడు కనపడితే వాడి మీద అరిచాను. నట్టు బిగిస్తే మర తెగింది. అన్నం ముందు కూర్చుంటే గాజువాకలో ఆ చెవిలో ఇప్పుడు ఎంత మిగిలిందో అన్న ఆలోచన తప్ప మరేమీ తోచేది కాదు. ఏడేళ్ళు కదలనివాణ్ణి, ఆ రోజుల్లో ఒక్క గంట కదలకుండా కూర్చోలేకపోయాను.

స్పీకరుకి కొత్త కాగితం వేయించాను. పగిలిన వాల్వు బదులు మాస్టారు తన పాత రేడియోలోది పీకి ఇచ్చాడు. చివరికి ఓ శనివారం ఆయన మళ్ళీ ఆ బల్బు పెట్టి స్విచ్ వేశాడు. బల్బు ఒక్కసారి వెలిగి, వెంటనే తగ్గిపోయి, సన్నని ఎర్ర తీగలా నిలబడింది. నేను ఆ ముసలాయన కాళ్ళకి దండం పెట్టాను. ఆయన, చాల్లే, ఇక తీసుకుపో, దీనికి ఉప్పుగాలీ నువ్వూ తగలకుండా చూడమను అన్నాడు.

మర్నాడు ఆదివారం, మధ్యాహ్నం. ఆటోలో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. కొత్త రెక్సిను, కొత్త పిడి, ఇనుముకి వెండిరంగు. బావ చాలాసేపు దాని చుట్టూ తిరిగి చూశాడు, వెనక వంగి చూశాడు, వైండింగ్ చేసిన దిమ్మ మీద చెయ్యి వేశాడు. తర్వాత మంచం కింద నుంచి గుడ్డలో చుట్టిన గిటార్ తీశాడు. అది బోలుగా ఉండే గిటార్ కాదు, గట్టి చెక్కది. పెట్టె లేకపోతే దాని తీగలు దోమ కూతకి మించి పలకవు. వైరు తగిలించాడు. నేను స్విచ్ వేశాను. ఎర్ర దీపం వెలిగింది. ఈసారి ఆ అర నిమిషం నేను స్విచ్ మళ్ళీ తట్టలేదు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. ఆయన వాటినే చూస్తూ, అవి నిండా ఎర్రబడ్డాక, తీగ మీద వేలు వేశాడు.

పలికింది. అదే గరుకు, అదే వెచ్చదనం. ఆర్కెస్ట్రాలో ప్రోగ్రాం మొదలెట్టేటప్పుడు వాయించే ముక్క అది. శ్రుతి కాస్త పక్కకి పోయింది, తీగలు పాతవి కదా అనుకున్నాను. బావ కళ్ళు మూసుకున్నాడు. మొహం నిండా నవ్వు. అక్క వంటింటి గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. సాధించాను అనుకున్నాను. ఆ మాట సిగ్గు లేకుండా అనుకున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.

ఎర్ర దీపం ఆరిపోయింది. సౌండు సన్నగిల్లి ఆగిపోయింది. గదిలో తీగల మీద గోళ్ళు తగిలే టిక్కు టిక్కు, ఆ దోమ కూత తప్ప ఏమీ లేదు. బావ వాయిస్తూనే ఉన్నాడు. కళ్ళు మూసుకుని, తల కొంచెం ఊపుతూ, ఆ ముక్క పూర్తిచేసి, రెండోది ఎత్తుకున్నాడు.

నేను అక్క వైపు చూశాను. ఆవిడ గొంతు తగ్గించలేదు. తగ్గించాల్సిన పని లేదు.

"ఎడం సెవీ పోయి నెల్లాళ్ళయిందిరా. నీకు సెప్పొద్దన్నాడు. సెప్తే పెట్టె ఒగ్గేత్తాడు, పెట్టె ఒగ్గేత్తే రాడం మానేత్తాడు అన్నాడు."

నెల్లాళ్ళంటే నాలుగు ఆదివారాలు. నాలుగు ఆదివారాలు నేను ఆయన ఎదురుగా కూర్చుని పులుసు కలుపుకుంటూ వాగాను, ఆయన తలూపాడు. ఒక్కసారి నిలబడి ఆయన మొహంలోకి చూసుంటే తెలిసేది. నా చూపు ఎప్పుడూ వాల్వు మీద, వార్నిషు మీద, గడియారం మీద. ఆ నాలుగు వారాలని కూడా పక్కన పెడదాం. అంతకు ముందు రెండు చెవులూ బాగున్న ఏడేళ్ళు, పెట్టె ఇవ్వకపోయినా, వట్టి చేతులతో వచ్చి కూర్చున్నా సరిపోయేది. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

బావ కళ్ళు తెరిచాడు. ఆరిపోయిన దీపం చూశాడు, ఆగిపోయిన ఫ్యాను చూశాడు, నన్నూ అక్కనీ చూశాడు. విషయం అర్థమైంది. గిటార్ ఒళ్ళోంచి దించి పక్కన పెట్టాడు. నేను ఆయన దగ్గరికి జరిగి కూర్చుని, ఆయన చూడగలిగేలా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"తప్పు సేసీసాను బావా. ఎప్పుడో తేవాల్సింది."

ఆయన నా పెదవులు చూస్తూ పూర్తిగా విన్నాడు. పెట్టె మీద ఓసారి చెయ్యి వేసి తీసేశాడు. వినపడనివాళ్ళ గొంతు ఎంతుండాలో వాళ్ళకి తెలీదు, గది నిండిపోయేలా అడిగాడు.

"పెట్టె బాగయిపోనాది కదా. మరి వచ్చే ఆదోరం ఏటి సాకు ఎట్టుకొని వత్తావు?"

ఊరికే వస్తానన్నాను. అర్థమైనట్టు లేదు, నా మొహం వంకే చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకుని, నిదానంగా, మళ్ళీ చెప్పాను.